మా ఆవిడ దినాలకు అందరూ రండి

భార్య నిక్షేపంగా బతికుండగానే ఆవిడ పెద్దకర్మకు మైకులో ఊరంతటినీ పిలిచిన మగాడు భూమ్మీద నేనొక్కడినే. ఆగండి, అప్పుడే తిట్టకండి. తప్పంతా నా రాష్ట్రాభిమానానిది.

మాది తణుకు. స్టేషన్ ఘన్‌పూర్ వచ్చి టిఫిన్ హోటల్ పెట్టిన ఏడాదికే నాకు తెలంగాణ పిచ్చి పట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త తెలంగాణవాడు నోరెరగడు! గోంగూరను పుంటికూర అన్నాను, చొక్కాను అంగీ అన్నాను. ఫోన్లో మా అమ్మను "మంచిగున్నవా అవ్వా?" అని పలకరిస్తే, "ఎవరండీ మీరు? మావాడి ఫోను మీ దగ్గరుందేంటి?" అని పాపం కంగారుపడిపోయింది.

ఇంత చేసినా, హోటల్ గది ఓనరు యాదగిరన్నకు మాత్రం నామీద నమ్మకం కుదరలేదు.

"నువ్వు ఎప్పుడన్న మూట సదురుకొని మీ దిక్కు పోతవ్. వచ్చే నెల సంది గది మా సుట్టాలకు ఇస్త," అన్నాడు.

ఆ గది పోతే మా బతుకుతెరువు పోయినట్టే.

"నేను గిప్పుడు గీడోన్నే అన్నా!"

"సూద్దాం తియ్యి."

చూపిద్దామనుకున్నాను. రాష్ట్ర ఆవిర్భావ దినోత్సవం నాడు ఊరందరికీ ఉచితంగా ఇడ్లీ పెట్టాలని ముందురోజు ఆటోకు మైకు కట్టించాను. దినోత్సవం అంటే పుస్తకాల మాట, మన జనానికి మన మాటలో చెప్పాలి కదా! తెలివి పొంగి పొర్లింది. మైకు అందుకున్నాను.

"అన్నలార, అక్కలార! రేపు పొద్దుగాల మా హోటల్ కాడ దినాలు! అందరు వచ్చి కడుపునిండ తినిపోండ్రి!"

మా వైపు పెద్దకర్మ అనేదాన్ని ఇక్కడ దినాలు అంటారని నాకెవరూ చెప్పలేదు. మీరైనా చెప్పాల్సింది.

తెల్లారేసరికి జనం బాగానే వచ్చారు. ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు. యాదగిరన్న కొత్త తువాల తెచ్చి నా భుజాన వేశాడు. సన్మానం కాబోలనుకుని ఇంకాస్త వంగాను.

"గుండె రాయి జేసుకో తమ్మీ."

"ఇడ్లీ తినన్నా, మస్తుగున్నయ్! గింత సంతోషం నా జిందగీల లేదు!"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంతలో రోజూ మా దగ్గర ఇడ్లీ కొనే కమలమ్మ అవ్వ గడపలో కూలబడి శోకం అందుకుంది.

"పదిరోజుల సంది కనవడకపోతె పుట్టింటికి పోయినవనుకుంటి గదే బిడ్డా! గింత జల్ది పోతివా!"

ఆ తెల్లవారుజామునే పుట్టింటి నుంచి దిగిన మా ఆవిడ చట్నీ గరిటెతో వంటింట్లోంచి బయటికొచ్చింది. అవ్వ శోకం టక్కున ఆగిపోయింది.

"అయ్యో, ఎవరు పోయారండీ?" అంది మా ఆవిడ.

"నువ్వేనమ్మా," అన్నాడు యాదగిరన్న గోడకు అతుక్కుపోతూ.

నేను దినోత్సవం సంగతంతా విప్పి చెప్పాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"పోయింది నేను కాదు అన్నయ్యగారూ, ఈయన బుర్ర! దానికే ఈ దినాలు. రండి, వేడిగా ఉన్నాయి, తిందురుగాని."

ఊరంతా గొల్లున నవ్వింది. అవ్వ కళ్లు తుడుచుకుని, ఎవరూ పోలేదని రూఢి చేసుకున్నాకే ఇడ్లీ ముట్టింది. యాదగిరన్న చెయ్యి కడుక్కుంటూ మా ఆవిడ వైపు తిరిగాడు.

"గది మీకే ఇస్త చెల్లె. గని ఇగ ఏ ముచ్చటైనా నువ్వే మాట్లాడాలె. నీ తణుకు మాట నాకు మంచిగ సమజైతది. మీ ఆయన తెలంగాణనే సమజైతలేదు."

ఆ రోజే పొయ్యి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ రాష్ట్రం కోసం ప్రాణమైనా ఇస్తాను గానీ, మైకు మాత్రం ముట్టను.