మావయ్యకు నేను నేర్పిన వారాలు

మా పక్కింటి మావయ్య పోయాడు. నేను నాతవరంలో వరి ఊడ్పు పనిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మావయ్య లేడురా, గుండాగిపోయింది, బేగి రా." ఆటో దిగేసరికి ఆ ఇంటి ముందు టెంటు వేసేశారు. నేను లోపలికి వెళ్ళలేదు. నలుగురిలో నాకు మాట రాదు. అందుకే ఈ వీధి గ్రూపులో రాస్తున్నాను.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను, ఆయన మాకు చుట్టం కాదు. గేట్లు వెల్డింగ్ చేసేవాడు. ఆరో తరగతిలోనే బడి మానేసిన నన్ను "మాస్టారూ" అని పిలిచింది ఆయనొక్కడే.

చెక్ దేశంలో వెల్డర్లు కావాలని, అక్కడి భాష నాలుగు ముక్కలు వచ్చినవాళ్ళను ముందు పంపుతామని విశాఖలో ఒక ఏజెంటు చెప్పాడట. మావయ్యది బటన్ ఫోను. నా ఫోన్లో ఆ భాష నేర్పే వీడియో పెట్టాం. వారాల పేర్లు ఏడు, వరసగా వస్తున్నాయి, తెలుగులో అర్థం మాత్రం లేదు.

"మొదటిదేటి మాస్టారూ?"

"పొండ్యెలీ. ఆదివారం మావయ్యా."

"రెండోది?"

"ఊటెరీ. సోమవారం."

ఆది, సోమ, మంగళ అని మనం చెప్పుకునే వరసలోనే ఏడూ చెప్పేశాను. ఆయన గేటుకు రాడ్డు అతికినప్పుడల్లా ఒక పేరు అనుకునేవాడు. అత్త గుమ్మంలోంచి ఎక్కిరించేది: "గేటు సేస్తన్నావా, రాడ్డులకి బారసాల సేస్తన్నావా?"

ఏజెంటు ఒక గురువారం పిలిచి, ఈ రోజు పేరు చెప్పమన్నాడు. మావయ్య "పాటెక్" అన్నాడు. వాళ్ళ భాషలో అది శుక్రవారం. ఏ రోజో తెలియనివాడు డ్యూటీకి ఎప్పుడొస్తాడని అక్కడ అందరూ నవ్వారట. ఆ చోటు వేరే అతనికి ఇచ్చారు.

ఆ సాయంత్రం నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆయనే వచ్చాడు.

"ఆళ్ళకి వారం సోమవారంతో మొదలంట్రా. మనకి తెలీలేదు. మళ్ళీ సెప్పు మాస్టారూ."

తెలియనిది నాకు. ఆయన "మనకి" అన్నాడు.

మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. కానీ ఏజెంటు మళ్ళీ పిలవలేదు, ఈ ఎండాకాలమంతా రేకుల కింద నిప్పుల పక్కనే పనిచేశాడు. అప్పుడే వెళ్ళిపోయుంటే బతికేవాడేమో. అత్త ఆ మాట అనలేదు. నాకే అనిపిస్తోంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఏజెంటు ఫోన్ చేశాడు. మావయ్య అతనికి నా నంబరే ఇచ్చాడు.

"సోమవారం పొద్దున్నే పంపించు బాబూ. ఈసారి ఖాయం."

ఆయన లేడని చెప్పబోయాను. నోట్లోంచి "సరేనండి" అని వచ్చింది.

సోమవారం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్ళాను. మావయ్య ఎక్కాల్సిన విశాఖ బస్సు నిండుతోంది. "ఎక్కుతావేటి?" అని కండక్టరు అడిగాడు. తల అడ్డంగా ఊపాను. బస్సు కదిలింది. కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగానే వెళ్ళిపోయింది.