వీధిన పడ్డ డ్రిల్లు మెషిన్

హార్డ్‌వేర్ షాపు కౌంటర్లో పెళ్ళికి ముందు నుంచీ పనిచేస్తున్న ఆమెను వీధిలో అందరూ స్క్రూలక్క అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది. ఏ గోడకు ఏ మేకు దిగుతుందో, ఏ తలుపుకు ఏ గడియ సరిపోతుందో ఆమె చూడగానే చెప్పేస్తుంది. షాపుకు వచ్చిన సామాన్లలో మంచివి ఏరి ఒక్కొక్కటే కొని ఇంటికి తెచ్చుకుంది. డ్రిల్లు మెషిన్, గోడ వాలు చూసే రసమట్టం, రెండు సుత్తులు, మడిచే నిచ్చెన. ఇంకొకరైతే నగలు చేయించుకుంటారు, ఈవిడకు ఇవే నగలు.

చేయించుకున్న నగల్ని కళ్ళారా చూసుకునే యోగం మాత్రం లేదు. కారణం అత్తగారు. ఆవిడ చేతికి ఎముక లేదు. కోడలు షాపుకు బయల్దేరగానే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరొచ్చి ఏది అడిగినా, "లోపల అలమరలో ఉంది, తీసుకెళ్ళు నాయనా. ఇనుమే కదా, అరిగిపోతుందా ఏమిటి?" అంటుంది. అరిగిపోతుంది. ఆ సంగతి చెప్పీ చెప్పీ కోడలి నోరు నొప్పి పుట్టింది గానీ అత్తగారి చెవికి ఎక్కలేదు.

బాత్‌రూమ్‌లో పెద్దావిడ పట్టుకుని లేవడానికని స్క్రూలక్క ఎప్పుడో ఒక స్టీలు కడ్డీ తెచ్చింది. బిగిద్దామనుకున్న ప్రతి ఆదివారమూ డ్రిల్లు ఎవరింట్లోనో ఉండేది. కడ్డీ కవరు విప్పకుండానే మంచం కింద పడి ఉంది. ఈలోగా ఒక పొద్దున్న అత్తగారు బాత్‌రూమ్‌లో లేవబోయి జారిపడింది. చేతికి ఎముక లేని మనిషికి తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయింది. ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తున్నారు. "నా బాత్‌రూమ్‌కు నేనే వెళ్తాను. నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు" అని ఆవిడ డాక్టరు ముందే తెగేసి చెప్పింది. డాక్టరు స్క్రూలక్కను పక్కకు పిలిచి, "ఇంకోసారి పడితే మంచానికే పరిమితం అయిపోతారమ్మా" అన్నాడు. చెబితే వినే మనిషి కాదు. వెనకాల నిలబడి పట్టుకోనిచ్చే మనిషి అంతకన్నా కాదు. అందుకని ఆటో గుమ్మం ముందు ఆగేలోపు ఆ కడ్డీ గోడకు దిగి తీరాలి.

"ఏమండీ, డ్రిల్లు ఎక్కడుంది?" అని మొగుణ్ణి అడిగింది. అతను బస్సు డ్రైవరు, తల్లిని తీసుకురావడానికి సెలవు పెట్టాడు.

"అమ్మకే తెలియాలి" అన్నాడు, తనకేం పట్టనట్టు. అక్కడికేదో ఘనకార్యంలా ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"టైలరుకు ఇచ్చానురా. పాపం, కర్టెన్ ఊడిపోయిందిట" అంది తల్లి, మంచం మీద నుంచే.

ఆ పాపం అనే మాట వినేసరికి స్క్రూలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు వేసుకుని బయటపడింది.

టైలరు తల గోక్కున్నాడు. "మెషిన్ లెక్కల మాస్టారు పట్టుకెళ్ళారు వదినా. పెట్టె మాత్రం నా దగ్గరే భద్రంగా ఉంది" అన్నాడు. భద్రంగానే ఉంది, నిండా బొత్తాలతో.

లెక్కల మాస్టారు ఆమెను లోపలికి పిలిచి తాను బిగించిన అలమర చూపించాడు. అది ఒక పక్కకు వాలి ఉంది. పుస్తకాలు జారిపోకుండా ఆ చివర అడ్డంగా ఏదో పెట్టాడు. చూస్తే రసమట్టం! లోపల బుడగ ఓ మూలకు అతుక్కుపోయి ఉంది. "మాస్టారూ, ఇది దేనికో తెలుసా?" అంది. "బరువుగా ఉంది కదమ్మా, బాగా ఆగుతోంది" అన్నాడాయన సంతోషంగా. ఆమె దాన్ని లాక్కుంది. పుస్తకాలు దబదబా రాలాయి. డ్రిల్లు పార్లరమ్మాయికి ఇచ్చానని ఆయన వెనక నుంచి అరిచి చెప్పాడు.

పార్లరులో డ్రిల్లు మోత వీధిలోకే వినిపిస్తోంది. ఆ పిల్ల మెషిన్ మూతికి గుడ్లు గిలక్కొట్టే తీగ బిగించి, గిన్నెలో జుట్టు రంగు కలుపుతోంది. మెషిన్ మీదంతా నల్లటి మరకలు.

"ఎంత నున్నగా కలుస్తుందో తెలుసా అక్కా! మీ అత్తగారే చెప్పారు, దేనికైనా వాడుకోమని."

"ఆవిడ చెబుతుంది. ఆవిడదేం పోయింది!" అంది స్క్రూలక్క. అంటూనే నాలుక కరుచుకుంది. పోయింది ఆవిడ తుంటి ఎముకే.

డ్రిల్లు లాక్కుని ఇంటికి వచ్చేసరికి మొగుడు ఆటో కోసం బయల్దేరుతున్నాడు. "నా నడుం ఎత్తులో పెట్టు, సరిపోతుంది" అని సలహా పారేశాడు. అతని నడుం ఎత్తంటే, కూర్చున్న వాళ్ళమ్మకు భుజాలకు పైమాటే. జవాబు చెప్పే ఓపిక లేక తల ఊపి పంపించేసింది. అత్తగారి కంట పడకుండా బియ్యం డబ్బా అడుగున దాచిన, గోడ తొలిచే కొత్త బిట్టు తీసి మెషిన్‌కు బిగించింది. పెన్సిల్ పట్టుకుని బాత్‌రూమ్‌లో మోకాళ్ళ మీద కూర్చుంది.

అప్పుడు కనిపించింది. తెల్లటి గోడ మీద, కూర్చున్న మనిషికి చెయ్యి అందే ఎత్తులో, ఒక మాసిన మచ్చ. దగ్గరికి వెళ్ళి చూసింది. అరచెయ్యి, వేళ్ళు. ఒకదాని మీద ఒకటి పడ్డ ఎన్నో చేతిగుర్తులు. కొన్ని కిందికి జారి చారలయ్యాయి. పడడానికి ఎంతో ముందు నుంచీ ఆవిడ ఈ గోడను ఆనుకునే, జారుతూ జారుతూనే లేస్తోంది. పట్టు కావాలని ఒక్కనాడూ అనలేదు. ఆ చేత్తోనే డ్రిల్లు తీసి వీధికి పంచిపెట్టింది.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని గోడ మీద అరిచింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. గోడను రోజూ చూస్తూ ఈ మచ్చను చూడని తన మీద కూడా కోపం వచ్చింది. మచ్చ మధ్యలో గుర్తు పెట్టుకుని బిట్టు దించింది. కళ్ళలో సిమెంటు దుమ్ము పడింది. తుడుచుకోలేదు. స్క్రూలు బిగించి, కడ్డీ పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. కదల్లేదు.

ఆటో వచ్చింది. అత్తగారు వాకర్ పట్టుకుని, కొడుకు చెయ్యి విదిలించుకుని, మంచం వైపు కూడా చూడకుండా నేరుగా బాత్‌రూమ్‌కు వెళ్ళింది.

"గడియ పెట్టకండి అత్తయ్యా."

"గడియ పెట్టకుండా ఎలా వెళ్తారే?" లోపల గడియ పడింది.

స్క్రూలక్క తలుపుకు చెవి ఆనించి నిలబడింది. పొద్దుటి నుంచీ ఆవిడను అడగాలని కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. లోపల నీళ్ళ చప్పుడు వినిపించి ఆగిపోయింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"అమ్మాయ్!" అంది అత్తగారు లోపలి నుంచి, చిన్న గొంతుతో. "వెళ్ళిపోయావా?"

"లేదు."



"వెళ్ళకు. కడ్డీ పట్టుకున్నాలే. అయినా నువ్వు వెళ్ళకు."

దాచుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, "ఎక్కడికీ వెళ్ళను, నిదానంగా లేవండి" అంది స్క్రూలక్క.