పులిసిన గంజి వాసన

వేలూరులో మా టీచర్లకు రెండు రోజులు శిక్షణ ఇచ్చి, చేతిలో ఒక కాగితం పెట్టి పంపారు. ఒకరిని నలుగురు ఏడిపిస్తుంటే చూస్తూ నిలబడ్డ పిల్లలు ఏం చేయాలన్నది అందులోని పాఠం. నవ్వులో కలవకూడదు, వెళ్లి పక్కన కూర్చోవాలి, పెద్దవాళ్లకు చెప్పాలి. గుడియాత్తంలో మా ఏడో తరగతి పిల్లల ముందు దాన్ని చదివితే సగంమంది ఆవులించారు.

ఇక లాభం లేదని కాగితం మడిచి మా నేతవీధి సంగతి ఎత్తుకున్నాను. నా చిన్నప్పుడు పొద్దున్నే వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు నూలు చాచి గంజి పెట్టేవారు. ఎక్కడైనా పోగు తెగితే దగ్గరున్నవాళ్లు ముడివేయాలి. పడుగు ఎవరిదని అడగకూడదు. పాలు పోయడానికి వచ్చినవాడైనా సరే, క్యాను కింద పెట్టి ముడేసి పోవాల్సిందే. మనుషుల విషయంలోనూ అంతే అన్నాను. ఈసారి ఎవరూ ఆవులించలేదు. ఆ ఊపులో మా వీధి అమ్మాయి కథ కూడా చెప్పేశాను. ఆరో తరగతిలో నాతోనే చదివేది. గంజి పని చేసి బడికొస్తే, చేతులు పులిసిన వాసన వేస్తున్నాయని అందరూ ముక్కు మూసుకునేవారు.

మూడో వరుసలో ఒక పిల్ల లేచింది. పాఠం తమిళంలో నడుస్తున్నా తెలుగులో అడిగింది.

"అప్పుడు మీరేం చేసినారు టీచర్?"

"పోయి పక్కన కూర్చున్నాను" అన్నాను.

అబద్ధం. అందరికంటే గట్టిగా ముక్కు మూసుకున్నది నేనే. నా చేతులకూ అదే గంజి, అదే వాసన. అది బయటపడుతుందేమోనని భయం. అంతవరకు ఆమె పక్కనే కూర్చునేదాన్ని, బెంచీ కూడా మారాను. అర్ధ సంవత్సర పరీక్షల తరువాత ఆమె బడికి రాలేదు, మగ్గం గుంటలో కూర్చుంది. చెప్పేవి శ్రీరంగనీతులని నాలాంటివాళ్లను చూసే అని ఉంటారు.

నెల తరువాత తల్లిదండ్రుల సమావేశానికి ఆమె వచ్చింది. మూడో వరుస పిల్ల ఆమె కూతురని అప్పుడు తెలిసింది. ఒకప్పుడు నన్ను ఏమే అని పిలిచిన మనిషి ఇప్పుడు మీరు అంటోంది.

"మా పాప ఇంటికొచ్చి మీ కత చెప్పినాది టీచరమ్మా. ఆ బిడ్డ నువ్వేనా అమ్మా అని అడిగినాది. అవునన్నాను."

"మరి నేను..." అన్నాను.

"మీరు పక్కన కూర్చున్నారనే చెప్పినాను. టీచర్ మాట మింద పిల్లకి నమ్మకం ఉండాల కదా. లేకపోతే రేపు అది యాడ నిలబడతాది?"

మార్కుల కాగితం మీద సంతకం పెట్టి లేచింది. గోళ్ల సందుల్లో నూలు అద్దకపు నీలిరంగు ఇంకా ఉంది. క్షమించమని నోరు తెరిచి అడగలేకపోయాను. నా మీద నాకే రోత పుట్టింది.

ఇప్పుడు క్లాసులో ఎవరినైనా ఏడిపిస్తే, ఆమె కూతురు తన పుస్తకాలు తీసుకుని వాళ్ల పక్కకు పోయి కూర్చుంటోంది. కూర్చున్నాక ఒకసారి నా వంక చూస్తుంది, మీలాగే చేశానన్నట్టు. నిజం చెప్పేయాలని రోజూ అనుకుంటూనే, నేను బోర్డు వైపు తిరుగుతున్నాను.