దువార్నే వాచీకి బొట్టు

మా దేవీచౌక్‌లో బాలాత్రిపురసుందరిగారి దగ్గర వాచీకి బ్యాటరీ మార్పించుకోవడం అంత సులువు కాదు. ముందు స్విట్జర్లాండు వెళ్లి రావాలి. పక్కనే కళ్లజోళ్ల షాపు పెట్టుకున్న పాపానికి నేను రోజూ వెళ్లొస్తున్నాను.

ఆవిడకి దువార్నే అనే స్విట్జర్లాండు వాచీల కంపెనీ అంటే పిచ్చి. ఎవరొచ్చినా ముందు దాని కథ వినాల్సిందే. "మంచు పడి పొలం పనులు ఆగిపోతే అక్కడి రైతులు కిటికీల దగ్గర కూర్చుని వాచీ చక్రాలు చేసేవారండి! వాళ్లలో ఒకాయనే దువార్నే. మొదటి వాచీ పశువుల కొట్టం పైన గదిలో చేశాడు. మనవడి కాలానికి మహారాజులు పెట్టుకున్నారు. బ్యాటరీ వాచీలొచ్చి అందరూ మూసేసుకుంటే, వీళ్లు ముగ్గురు పనివాళ్లతో కీ వాచీలే చేస్తూ కూర్చున్నారండి. ఇప్పుడు కొనాలంటే ఏళ్లు ఆగాలి!" ఆవిడ తండ్రి వీరభద్రంగారి దగ్గర చిన్నప్పుడే పని నేర్చుకున్న మనిషి. దువార్నేని మాత్రం ఫోన్లో చూడటమే.

మొన్న దసరాకి ముందు భీమవరం నుంచి జగన్నాథరాజుగారనే పెద్దాయన వచ్చి, ఆగిపోయిన దువార్నే ఒకటి బల్ల మీద పెట్టారు. పెళ్లికి మామగారు పెట్టారట. "దసరా రోజు వస్తానండి. అది నడిస్తే అదే నాకు పండగ" అన్నారు. ఆయన అటు వెళ్లగానే సుందరిగారు నా షాపులోకి దూసుకొచ్చి, "వచ్చిందండీ! మన సెంటర్‌కి వచ్చింది!" అని కేక పెట్టారు. కళ్లు చూపించుకుంటున్నాయన అక్షరాలు మర్చిపోయాడు.

ఆయుధపూజ నాడు పట్టకార్లు, స్క్రూడ్రైవర్లు అమ్మవారి ఫొటో ముందు సర్ది బొట్లు పెడుతూ, ఆ సంబరంలో ఆవిడ మూత విప్పి ఉన్న దువార్నేకి కూడా బొట్టు పెట్టేశారు. కుంకం చక్రాల మధ్యలోకి రాలింది.

"నా చేత్తో నేనే చంపేశానండి!" అని కూలబడ్డారు. ఆ పాత చక్రాల్లో ఏ ఒక్కటి పాడైనా ఇక దొరకదు. పెద్దాయన మర్నాడే వస్తారు. నాకు ఒళ్లు మండింది. "తర్వాత ఏడుద్దురుగాని, ముందు విప్పండి" అన్నాను.

కంటికి భూతద్దం బిగించి, మొన చెక్కిన పుల్లతో ఒక్కో చక్రం గీకి తెల్లగుడ్డకి తుడవసాగారు. ఉన్నట్టుండి, "ఇది నాది కాదండీ!" అని అరిచారు. కీ తిరిగే చోట ఇంకో కుంకం ఉంది. ఏళ్లనాటిది, నూనెతో కలిసి నల్లగా గట్టిపడిపోయింది. వాచీ ఆగింది దానివల్లే! దాన్నీ ఆ గుడ్డ మీదికే గీకి, సాయంత్రానికి అన్నీ కడిగి, బిగించి, కీ ఇచ్చారు. నడిచింది. ఈ వయసులో నేను గంతేశాను.

మర్నాడు నా ఎదురుగానే, రాజుగారి దగ్గర ఆవిడ ఏదీ దాచలేదు. తను రాల్చిన కుంకం గురించీ, లోపల దొరికిన పాత కుంకం గురించీ చెప్పేశారు. ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని వింటూ నవ్వబోయి, ఆగిపోయారు.

"మా ఆవిడ వరలక్ష్మమ్మ అండి. ప్రతి దసరాకీ చెరువు మోటార్లకీ, బండికీ పెట్టి, ఆఖర్న నా చేతికున్న వాచీ కీ మీద పెట్టేది. వద్దంటే వినేది కాదు. తను పోయాక ఎవరూ పెట్టలేదు." వాచీ బల్ల మీద పెట్టారు. "ఆ పాత కుంకం పారేశారా అండి?"

సుందరిగారు గబగబా వెతికి ఆ తెల్లగుడ్డ తీసిచ్చారు. ఆయన రెండు చేతులతో అందుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మా ఇద్దరికీ నమస్కారం చేసి మెట్లు దిగిపోయారు. దువార్నే బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని పట్టుకుని, "రాజుగారండీ!" అని అరుస్తూ ఇద్దరం రోడ్డు మీద ఆయన వెనకాల పరిగెత్తాం.