రత్నం మేడమ్ టర్బో కారు

ఈ సాయంత్రం మంగళగిరి దగ్గర రోడ్డు పక్కన ఎవరిదో కారు బానెట్ ఎత్తి ఉంది. కాలిన ఇంజిన్ ఆయిల్ వాసనా, వెళ్తున్న మిర్చి లారీ ఘాటూ కలిసి ముక్కుకు తగిలాయి. పొద్దుటినుంచి నిలబడి పనిచేసి అలసి ఇంటికి వెళ్తున్నవాణ్ణి, నా కారు పక్కకు ఆపాను. రత్నం మేడమ్ గుర్తొచ్చారు.

గుంటూరులో ఆవిడ షెడ్డులో నేను మెకానిక్‌గా చేరేనాటికి నాకప్పటికే పిల్లలు. ఆవిడకు యాభై దాటాయి. ఆదివారాలు కూడా చర్చి నుంచి నేరుగా వచ్చి, చీర మీద పాత చొక్కా తొడుక్కుని బండి కిందికి దూరేవారు. షెడ్డులో ఓ మూల ఆవిడ సొంత కారు ఉండేది. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు, ముందు చక్రాలు లాగే బండి. దానికి టర్బో పెట్టాలని ఆవిడ కోరిక. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితోనే చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజిన్‌లోకి మరింత గాలి నెట్టే యంత్రం అది. ఏళ్ళ తరబడి వాయిదా వేసిన ఆ పనిని ఒక వేసవిలో ఉన్నట్టుండి మొదలుపెట్టారు. చూపు ఎక్కువ కాలం నిలవదని బ్రాడీపేటలో కళ్ళ డాక్టరు చెప్పాడని నాకు తర్వాత తెలిసింది.

హడావుడిగా బిగించేశాం. పెరిగిన గాలికి పెట్రోలు సరిపోతుందో లేదో చూద్దామంటే, "తర్వాత చూద్దువుగానిలేవయ్యా, ముందు నన్ను నడపనీ" అన్నారు. ఊరు దాటాక రోడ్డు మీద టర్బో అందుకోగానే స్టీరింగ్ ఆవిడ చేతుల్లో గుంజుకుంది. ఆవిడ గట్టిగా నవ్వారు. ఆ నవ్వు పూర్తికాకముందే ఇంజిన్‌లో టపటపమని చప్పుడు, వెనక నీలిపొగ. పెట్రోలు చాలక, వేడెక్కి పిస్టన్ కరిగిపోయింది.

బానెట్ ఎత్తి చూసి, పక్కనే పత్తి చేను గట్టు మీద కూర్చున్నారు.

"కళ్ళుండగానే నడపాలన్న ఆత్రంలో దాని ప్రాణం తీశాను," అన్నారు.

"మళ్ళీ చేద్దాం మేడమ్. రేపే ఇంజిన్ దించేస్తాను."

"చేద్దాం. ఈసారి దానికెంత కాలం పడితే అంత. నా కళ్ళ కోసం దాన్ని తొందరపెట్టొద్దు."

పిస్టన్లు మార్చాం. పెట్రోలు సరిచేశాం. టర్బో ఒత్తిడి తగ్గించాం. వానలు వెళ్ళి మిర్చి కోతలు వచ్చాయి. ఈలోగా ఆవిడ బోల్టుల్ని వేళ్ళతో తడిమి పోల్చుకునే స్థితికి వచ్చారు. నాకే ఉండబట్టలేదు.

"ఇక చాలండీ, ఒక్కసారి నడిపేయండి," అన్నాను.

"ఇంకా ఎక్కడో ఆయిల్ కారుతోంది. వాసన రావట్లా నీకు?" అన్నారు. నిజంగానే కారుతోంది.

బండి సిద్ధమైన రోజు తాళం నా చేతిలో పెట్టి, తను ఎడమ సీట్లో కూర్చున్నారు. మళ్ళీ అదే రోడ్డు. టర్బో ఈల వేస్తూ లేచింది.

"స్టీరింగ్ లాగుతోందా?"

"లాగుతోందండీ. పట్టుకున్నాను."

"ఊఁ. ఇంకాస్త తొక్కు."

అద్దం దించి ముఖం గాలికి పెట్టారు. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో రోడ్డు మీంచి చూపు తిప్పి చూసే ధైర్యం లేకపోయింది.

షెడ్డు ముందు ఆగగానే తాళం తిప్పబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "అప్పుడే ఆపకు నాయనా. అంత తిరిగొచ్చింది టర్బో, ఇంజిన్ ఆయిల్ పారుతుండగానే కాసేపు చల్లారనీ."

ఇప్పుడావిడ లేరు. నేను నడిపేది టర్బో లేని మామూలు కారు. అయినా ఇంటి ముందు ఆగాక వెంటనే ఇంజిన్ ఆపలేను. "ఏంటండీ, లోపలికి రారా?" అని గుమ్మంలోంచి మా ఆవిడ కేకేస్తుంది. ఒంట్లో అలసట కాస్త దిగేదాకా ఆ చప్పుడు వింటూ కూర్చుని, అప్పుడు తాళం తిప్పుతాను.