టీచరుగారూ, పన్నెండు వోల్టుల ఫ్యానూ

పోయిన సోమవారం పొద్దున్న కోరాపుట్ నుంచి ఫోను వచ్చింది. మా టైపు టీచరుగారు ఆదివారం సాయంత్రం పోయారట. ఫోను చేసింది సత్యవతి, నాతోపాటు ఆవిడ దగ్గర నేర్చుకున్న మనిషి. "రెండ్రోజులు జొరం వచ్చింది. మూడో రోజు లేవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. నీకు ఎలగ సెప్పాలో తెలీక పొద్దున్న దాకా ఆగేను" అంది. సరే అన్నాను. రాయగడలో మా ఆఫీసు కంప్యూటరు తెర మీద సగం కొట్టిన ఉత్తరం చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆవిడ గురించి పేపర్లో ఎవరూ రాయరు. నేను తినే అన్నం ఆవిడ నేర్పిన పని పెట్టిందే గనక నేను రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

టీచరుగారిది విజయనగరం వైపు. పెళ్లి చేసుకుని కోరాపుట్ వచ్చారు. అత్తవారిది పప్పులూ బెల్లం టోకు వ్యాపారం. భర్త చిన్న వయసులోనే పోతే, ఇంట్లో కూర్చోమన్నవాళ్లందరికీ సమాధానం చెప్పకుండా, టైపు పరీక్షలు ప్యాసై వచ్చి, తొంభైల్లో కొట్టు మేడ మీది గదిలో నాలుగు మిషన్లు పెట్టారు. నేను చేరేటప్పటికి మిషన్లు తొమ్మిది. మా నాన్న మునిసిపాలిటీలో నీళ్ల పైపుల పని చేసేవాడు. నన్ను మొదటిరోజు తీసుకెళ్లి, "దీనికి ఒడియా బాగా వచ్చమ్మా, ఇంగ్లీషే రాదు" అన్నాడు. "అక్షరాలు వచ్చు గదా. అది సాలు" అన్నారావిడ.

చేతులు కడుక్కుని, తుడుచుకుంటే తప్ప మిషను ముట్టనిచ్చేవారు కాదు. చలికాలం చీర మీద మగవాళ్ల స్వెట్టరు, కాళ్లకి మేజోళ్లు, వాటి మీదే చెప్పులు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేవారు. ప్రతి శనివారం మిషన్లన్నిటికీ తనే నూనె వేసేవారు, ఒక్కో చోట ఒక్కో చుక్క. "ఎక్కువ నూనె ఏస్తే దుమ్ముని రమ్మన్నట్టే" అనేవారు. ఆ సీసా అలమారలో పెట్టి తాళం వేసేవారు.

రెండువేల సంవత్సరం దాటేసరికి టైపుతోపాటు కంప్యూటరు పరీక్ష కూడా ఉంటేగాని ఉద్యోగాలు లేవన్నారు. ఆవిడ రెండు కంప్యూటర్లు తెప్పించారు. ఒకటి ఏడాది తిరక్కుండా మూలపడింది. దాన్ని చూడటానికి విశాఖపట్నం నుంచి మెకానిక్కు వస్తే, ఆవిడ నోటుపుస్తకం పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఏ రంగు తీగ ఎక్కడికి పోతోందో బొమ్మ గీసుకుంటూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నారు. అతను విసుక్కున్నాడు. "ఇవన్నీ మీకెందుకండీ?"

"నువ్వెళ్లిపోయేక ఇక్కడుండేది నానే గదా" అన్నారు.

నేను చెప్పదలుచుకున్న రోజు ఆ తర్వాతి జనవరిలోది. మా గదికి అప్పుడే పరీక్షా కేంద్రంగా గుర్తింపు వచ్చింది. పదకొండు మందిమి. ఒకే కంప్యూటరు. పాడైన దాన్ని మెకానిక్కు విశాఖపట్నం పట్టుకెళ్లాడు, అది తిరిగి రాలేదు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాల చొప్పున వరసగా కూర్చుని కొట్టాలి. పరీక్ష పెట్టడానికి బరంపురం నుంచి అధికారి వస్తారు. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాదికి.

ముందురోజు సాయంత్రం ఆఖరున సాధన చేస్తున్నది నేను. కంప్యూటరు లోపలి ఫ్యాను కీచుమంటోంది. దాని పక్క రేకు ఎప్పుడూ తీసే ఉండేది గనక లోపల ఏముందో మాకందరికీ కనిపించేది. ప్రాసెసరు మీద పళ్లుపళ్లుగా ఉన్న అల్యూమినియం దిమ్మ, దాని వేడిని ఊదేయడానికి అరచేతిలో పట్టేంత ఫ్యాను. రేపు ఆయన ముందు ఇది ఇలా అరిస్తే ఏం బాగుంటుందనిపించింది. టీచరుగారు కింద కొట్లో ఉన్నారు. మిషన్ల నూనె అలమారలో ఉంది. నా సంచిలో ఎండలో కరగబెట్టిన కొబ్బరినూనె సీసా ఉంది. స్విచ్చి ఆపి, ఫ్యాను నడిమధ్యకి నాలుగైదు చుక్కలు పోశాను. మళ్లీ వేస్తే చప్పుడే లేదు. రేపు టీచరుగారు తనంతట తనే గమనించి, ఎవరు చేశారని అడగాలని ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్లిపోయాను.

కోరాపుట్ జనవరిలో తెల్లారేసరికి కొబ్బరినూనె మైనంలా గడ్డకట్టేస్తుంది. రోజూ తలకి రాసుకునే దాన్ని, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పరీక్షాధికారి పదింటికి వచ్చారు. నెమ్మదస్తుడే, కానీ గడియారం చూసుకునే మనిషి. కంప్యూటరు పెట్టారు. ఏడు నిమిషాలకి తెర నల్లబడింది. మళ్లీ పెట్టారు. ఆరు నిమిషాలు. మూడోసారి నాలుగు. "ఇంత చలిలో యంత్రం వేడెక్కడమేమిటి?" అన్నారాయన ఒడియాలో. టీచరుగారు స్విచ్చి ఆపి, అల్యూమినియం దిమ్మ దగ్గర వేలు పెట్టి చటుక్కున తీసేశారు. పెన్సిలు మొనతో ఫ్యాను రేకుని నెట్టారు. అది కదల్లేదు.



నాలుగు మరలు విప్పి ఫ్యానుని బయటికి తీశారు. మధ్యలో తెల్లగా పేరుకున్న పదార్థం. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. మేం పదకొండు మందిమీ గోడ వారన నిలబడి ఉన్నాం. "దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారేటి?" అనడిగారు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆవిడ చూపు వరసగా అందరి మీదుగా వచ్చి నా మీద ఆగింది. నా జడ అప్పుడు కూడా నూనెతోనే ఉంది.

ఆవిడ అధికారివైపు తిరిగారు. "పొరపాటు నాదేనండి. చప్పుడు చేస్తోందని నేనే నూనె వేశాను. చలికి గడ్డకట్టింది" అని ఒడియాలో చెప్పారు.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. "నాకు అయిదింటికి బస్సు. పదకొండు మందికి మూడున్నర గంటల పైన పడుతుంది. ఒంటిగంటకి మొదలవ్వకపోతే అందరికీ గైర్హాజరు వేసి వెళ్లిపోతాను. నేను చేయగలిగింది ఇంకేమీ లేదు" అన్నారు.

అప్పటికి పదకొండు కావస్తోంది. ఆవిడ ఆ గడ్డని కిరసనాయిలుతో కడిగి తుడిచారు. రేకులు చేత్తో తిప్పితే తిరిగాయి. కరెంటు ఇస్తే తిరగలేదు. కదలకుండా అన్నిసార్లు కరెంటు పడేసరికి లోపలి రాగితీగ చుట్ట కాలిపోయింది. కొత్తది కావాలంటే విశాఖపట్నమే. ఆవిడ అలమార తాళం తీసి మిషన్ల నూనె సీసా సంచిలో వేసుకున్నారు. "అమ్మీ, నాతో రా" అన్నారు. పిలిచింది నన్నే.

సందు చివర రేడియో మెకానిక్కు కొట్టుంది. ఆయన కొండ మీది పొట్టంగి నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన. సంగతి విని పాత సామాన్ల పెట్టెలోంచి మూడు ఫ్యాన్లు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది పెద్దది. తీగలు తగిలించగానే గాలి నా మొహానికి కొట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇదే తీసుకుందాం టీచరుగారూ" అన్నాను.

"ఎన్ని వోల్టులిచ్చేవు దీనికి?" అని ఆవిడ ముసలాయన్ని అడిగారు.

"ఇరవై నాలుగమ్మా. జెరాక్సు మిషన్లోది."

"మా దాంట్లో పన్నెండే వస్తాది. అక్కడ పెడితే ఇది సగం కూడా తిరగదు."

రెండోది సరిగ్గా పాత దాని కొలతే. పన్నెండు వోల్టులే. గిర్రున, పెద్ద రొదతో తిరిగింది. గోడ గడియారంలో పదకొండూ నలభై. ఆవిడ పాత కాగితం అంచు సన్నగా చింపి ఆ ఫ్యాను ముందు పట్టుకున్నారు. కాగితం ఊగీ ఊగనట్టు ఊగింది. "సప్పుడెక్కువ, గాలి తక్కువ. రేకులు అరిగిపోయేయి" అని పక్కన పెట్టారు. మూడోది చెడిపోయిన కంప్యూటరు పవరు డబ్బాలోది. దుమ్ము పట్టి, కొలతలో పెద్దదై, మా దిమ్మ మీద నప్పని ఫ్యాను. పన్నెండు వోల్టులిస్తే బద్ధకంగా కదిలింది. ఆవిడ దుమ్ము ఊది, తన సంచిలోంచి మిషన్ల నూనె సీసా తీసి ఒకే ఒక చుక్క వేసి, వేలితో పదిసార్లు తిప్పి, మళ్లీ కరెంటు ఇమ్మన్నారు. చప్పుడు లేదు. కాగితం నిటారుగా లేచి నిలబడింది.

"ఇది" అన్నారు.

"మరలు సరిపోవమ్మా" అన్నాడు ముసలాయన.

"కట్టుకుంటాం. ప్లాస్టిక్కు తొడుగున్న సన్న తీగ ఒక మూర ఇయ్యి. పురికొసైతే పీచు రేకుల్లో పడతాది."

మేడ ఎక్కేసరికి పన్నెండు దాటింది. కొత్త ఫ్యానుకి రెండే తీగలు, కొసన ప్లగ్గు లేదు. పాత ఫ్యాను ప్లగ్గుని తీగలతోసహా కోసి దీనికి అతకాలి. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. పాత ప్లగ్గుకున్న మూడో తీగ పసుపుది, ఫ్యాను వేగం కంప్యూటరుకి చెప్పేది. దాన్ని కత్తిరించి కొస చుట్టేయాలి. ఒకదానికొకటి తగిలినా, తారుమారైనా, బోర్డు పోతుంది. బోర్డు పోతే ఈ ఏడాదే కాదు, కంప్యూటరే లేదు. ఆవిడ నోటుపుస్తకం తెరిచి, తను గీసిన బొమ్మని రెండుసార్లు వేలితో చదివారు. అధికారి కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తున్నారు.

"అమ్మీ, కొసలు పట్టుకో."

నా చేతులు వణుకుతున్నాయి. నా కళ్లలో నీళ్లు చూసి కూడా చూడనట్టే ఉన్నారు. "ఊపిరి బిగబట్టకు. వదులు. వదిలితే సేతులు అవే ఆగుతాయి" అన్నారు నాకొక్కదానికే వినపడేలా. వదిలాను. ఆగాయి. ఆవిడ తీగలు మెలేసి టేపు చుట్టారు. ఏ వైపు నుంచి గాలి వస్తుందో మళ్లీ ఒకసారి కాగితంతో చూసుకుని, ఆ వైపు దిమ్మ మీదికి ఉండేలా పెట్టి, నాలుగు మూలలా తీగతో బిగించి కట్టారు. వేలితో తిప్పి, కట్టు ఎక్కడా రేకుకి తగలడం లేదని చూశారు.

స్విచ్చి వేసేటప్పటికి ఒంటిగంటకి అయిదు నిమిషాలుంది. ఫ్యాను తిరిగింది.

ఒకటో నంబరమ్మాయి కూర్చుంది. ఆమె కొడుతున్న అక్షరాల్ని మేమెవరం చూడలేదు. గడియారాన్నే చూస్తున్నాం. నాలుగు. ఆరు. ఏడో నిమిషం దాటుతుంటే సత్యవతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎనిమిది. పది. టీచరుగారు దిమ్మ దగ్గర వేలు పెట్టి, ఈసారి తీయకుండా అలాగే ఉంచి, అధికారికి తలూపారు.

నాది పదకొండో నంబరు. నేను ఆఖరి వాక్యం కొట్టేసరికి అయిదింటికి పది నిమిషాలు. పదకొండు మందిమీ ప్యాసయ్యాం.

కానీ అధికారి తన నివేదికలో, యంత్రాల విషయంలో శిక్షకురాలి అజాగ్రత్త అని ఒక్క వాక్యం రాశారు. మరుసటేడు మా గదికి పరీక్షా కేంద్రం తీసేశారు. అక్కణ్నుంచి కోరాపుట్ అమ్మాయిలు పరీక్షకి రాయగడ రావలసి వచ్చింది. ఏటా జనవరిలో టీచరుగారే వాళ్లని రైల్లో తీసుకొచ్చేవారు. అప్పటికి నాకు రాయగడలో ఉద్యోగమొచ్చింది. నేను ఇడ్లీలు కట్టుకుని స్టేషనుకి వెళ్లేదాన్ని. నాలుగేళ్లు వెళ్లాను. నాలుగేళ్లూ నోరు తెరవలేదు. అయిదో ఏడు ప్లాట్‌ఫారం మీద, ఆవిడ ఇడ్లీ పొట్లం విప్పుతుంటే అనేశాను.

"టీచరుగారూ, ఆ నూనె వేసింది నేను."

"నీ జడ వాసన నాకు తెలీదేటి?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు పరీక్ష కొట్టేదానివేటి? పది మంది నీకేసే సూస్తుంటే నీ వేళ్లు కదిలేవా? నాకు పదకొండు మందీ కావాలి."

"నా వల్ల సెంటరు పోయింది కదా."

"సెంటరు పోతే రైలుంది" అన్నారు. నా వైపు చూడకుండా, "ఆ సాయంత్రమే వచ్చి సెప్తావనుకున్నాను. దీపాలెట్టే దాకా కిందకి దిగకుండా కూర్చున్నాను" అన్నారు.

ఆవిడ ఒక ఇడ్లీ తుంచి నా చేతిలో పెట్టారు. ఇద్దరం తిన్నాం. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచారు.

పరీక్షకి ఇంకా గంటుంది. ఆ ఏడు వచ్చిన ఎనిమిది మంది అమ్మాయిలూ ప్లాట్‌ఫారం బెంచీల మీద ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద వేళ్లతో టైపు కొడుతున్నారు. ఎనిమిది జతల చేతులు, చప్పుడు లేకుండా, ఒకే లయలో. టీచరుగారు వాళ్ల వెనక నెమ్మదిగా నడుస్తూ ఒకమ్మాయి దగ్గర ఆగి, వంగి, ఆమె చిటికెన వేలుని పట్టుకుని కొద్దిగా పక్కకి జరిపారు. ఆ అమ్మాయి కళ్లు తెరవలేదు. వేళ్లు ఆగలేదు.