ముగ్గుల పుస్తకంలో లెక్కలు

ఇవాళ మా అమ్మాయి పోయినేటి నోటుబుక్కులు సర్దుతుంటే సగానికి సగం తెల్లకాగితాలే కనిపించాయి. ఆ కాగితాల వాసనకి, చిన్నప్పుడు నాగాయలంకలో మా వంటింటి గడప మీద కూర్చున్నట్టే అయింది. మీ ఇళ్లలోనూ వేసవి సెలవులివ్వగానే మిగిలిన కాగితాలు చింపి, దబ్బనంతో పుస్తకం కుట్టేవాళ్లు కదూ?

మా ఇంట్లో ఒక ఏడు సెలవుల దాకా ఆగలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో, పెద్దమనిషినయ్యానని నాన్న నన్ను బడి మాన్పించాడు. నోట్సులన్నీ సగంలోనే ఉండిపోయాయి.

"ముగ్గులేసుకో, పొద్దుపోతుంది" అంటూ అమ్మ ఆ ఖాళీ కాగితాలన్నీ కలిపి లావుపాటి పుస్తకం కుట్టిచ్చింది.

నన్ను వాకిలి దాటనిచ్చేవాళ్లు కాదు. బడి గంట మాత్రం ఇంట్లోకి వినపడేది. అది మోగినప్పుడల్లా చుక్కలు పెడుతున్న చెయ్యి ఆగిపోయేది.

సాయంత్రం పక్కింటి షకీలా వచ్చి ఆ రోజు బడిలో చెప్పిన లెక్కలు నాకు చెప్పేది. ముగ్గుల పక్కనే వాటిని చేసేదాన్ని. కొన్నాళ్లకి పుస్తకం నిండిపోయింది. ధైర్యం చేసి నాన్నని కొత్తది అడిగాను.

"ముగ్గులకి కొత్త పుస్తకమెందుకే?"

"ముగ్గులకి కాదు నాన్నా, లెక్కలకి."

"చదివింది చాల్లే" అని వల భుజానేసుకుని వేటకి వెళ్లిపోయాడు.

ఆ బడికి నేను మళ్లీ వెళ్లనే లేదు. కానీ ఆ పూట అమ్మ, తీగకి గుచ్చిన పాత శుభలేఖలన్నీ దించి, తెల్లగా ఉన్న వైపు పైకి తిప్పి నా ముందు పెట్టింది.

"మీ నాన్నొచ్చేలోగా చేసుకోవే" అంది.